ముందొచ్చిన చెవులదే రాజ్యం

ఛందస్సు గురించో, పాత నవలల గురించో రాసుకొనే ఈ పుటలో జావా గొడవ ఏమిటని మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. మనలో చాలామందిమి పగలంతా ఈ కూలి చేసి, రాత్రి భోజనాలయ్యాక తెలుగు రాసుకొనేవాళ్ళమే. అయినా పగటి పని గురించి తెలుగులో ఒక్క ముక్క రాయాలంటే మనకెందుకో సిగ్గు. అది మాటలకందని విషయమేమీ కాదు. అందులోనూ తప్పొప్పులున్నాయి, మాటపట్టింపులున్నాయి, ఒకరు చేసిన పనికి మరొకరు శిక్ష అనుభవించడాలున్నాయి. ఈ చివరిదాని గురించే నేనీ నాలుగు మాటలూ రాయబూనడం.

ముందుగా పేరు సంగతి. ఒకప్పుడు నేను కూడా ప్రతి ఆంగ్లపదానికీ తెలుగు చేసి తీరవలసిందేనన్న పట్టుదలతో ఉండేవాణ్ణి. క్లాస్‌పాత్‌కు "తరగతి మార్గం" అని రాసి మా తమ్ముడికి చూపిస్తే, "ఏమిటన్నయ్యా ఇది, బడికి పోయే దారా?" అన్నాడు. ఆనాటితో ఆ మాటకు స్వస్తి. కనుక ఇక్కడ క్లాస్‌పాత్ క్లాస్‌పాత్‌గానే ఉంటుంది. ఎవరైనా ఇంతకన్నా మంచి మాట సూచిస్తే శిరోధార్యం.

జావా యంత్రానికి ఏదైనా ఒక క్లాసు కావలసి వచ్చినపుడు ఎక్కడెక్కడ వెదకాలో చెప్పే చోట్ల వరుసే క్లాస్‌పాత్. ఫోల్డర్లూ, జార్ ఫైళ్ళూ, ఒకదాని వెనుక ఒకటి. "వరుస" అన్న మాటను గుర్తుంచుకోండి, కథంతా అక్కడే ఉంది. మా ఊళ్ళో ఒక పాత పోస్టుమాను ఉండేవాడు. వీధిలో ఒకే పేరు గలవారు ఇద్దరున్నా ఆయనకు పట్టేది కాదు. వీధి మొదటినుంచి నడుచుకొంటూ వచ్చి, ఆ పేరు గల మొదటి ఇంటి అరుగు మీద ఉత్తరం పెట్టి వెళ్ళిపోయేవాడు. రెండో ఆయన కొడుకు బొంబాయి నుంచి రాసిన ఉత్తరాలన్నీ మొదటి ఆయన చదివి, చల్లగా మళ్ళీ మడతపెట్టి పంపేవాడు. జావా క్లాసులను వెదకే పద్ధతి అచ్చంగా ఇదే. ఫైళ్ళకూ అదే నియమం. ఫలానా పేరు గల ఫైలు కావాలని ప్రోగ్రాము అడిగితే వరుసలో మొదట కనిపించినదే చేతికి వస్తుంది. ఆ పేరున్నవన్నీ ఇమ్మని అడగడానికి వేరే పద్ధతి ఉంది గాని, అలా అడిగేవారు అరుదు.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మన సామెత. క్లాస్‌పాత్ వద్ద ఆ సామెత తలకిందులవుతుంది. ముందొచ్చిన చెవులదే అక్కడ రాజ్యం. కొమ్ములు ఎంత వాడివైనా వాటిని పలకరించే నాథుడుండడు. పైపెచ్చు, వెనుక కొమ్ములు కూడా ఉన్నాయన్న సంగతి ఎవరూ చెప్పరు. తప్పు జరిగినట్లు ఎర్రగీత పడదు, హెచ్చరిక రాదు, ఏమీ రాదు.

ఇక పరీక్షలు. జేయూనిట్‌ను కెంట్ బెక్, ఎరిక్ గామాలు 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా పోయే విమానంలో కూర్చొని మొదలుపెట్టారు. ఆ చిన్న వస్తువు వచ్చిన తరువాత జావా ప్రపంచంలో ప్రతి ప్రోగ్రాముకూ రెండు క్లాస్‌పాత్‌లు ఏర్పడ్డాయి. ఒకటి లోకంలో నడిచేటప్పటిది. రెండోది పరీక్ష గదిలో కూర్చొన్నప్పటిది. ఈ రెండోది మొదటిదానికంటే ఎప్పుడూ పొడుగే. పరీక్షల క్లాసులు, వాటికి కావలసిన ఫైళ్ళు, జేయూనిట్, దాని చుట్టపక్కాలు, అన్నీ అందులో చేరతాయి. నా అభియోగమంతా ఈ రెండింటి మధ్యనున్న తేడా మీదనే. ఆ తేడా ఎంతో, ఏమిటో మనలో ఎంతమంది చూసి ఉంటారు? పదేళ్ళకు పైగా నేను చూడలేదు.

యాంట్ రోజుల్లో చూడక తప్పేది కాదు. పరీక్షల క్లాస్‌పాత్‌ను చేత్తో రాసుకోవాలి. ముందు ఈ ఫోల్డరు, తరువాత ఆ ఫోల్డరు, ఆపైన ఈ జార్లు అంటూ బిల్డు ఫైలులో ఒక్కొక్కటీ పేర్కొని, దానికొక గుర్తింపు పేరు పెట్టి, పరీక్షలు నడిపేచోట ఆ పేరు తగిలించాలి. 1.7కు ముందైతే జేయూనిట్ జార్‌ను యాంట్ తన సొంత క్లాస్‌పాత్ మీదనే మోయవలసి వచ్చేది. అలా పెట్టని కొత్తవాడు, ఆ జార్ పేరు తన ఫైలులో స్పష్టంగా రాసి ఉండగా యంత్రం తనకు కనబడటం లేదంటుందేమిటని తల బాదుకొనేవాడు. నాకా చాకిరీ అంటే పరమ విసుగు. ఇప్పుడు దాన్నే మెచ్చుకోవలసి వస్తోంది. చేత్తో రాసినవాడికి తానేం రాశాడో తెలుస్తుంది. అదీ ఒక మేరకే లెండి. లిబ్ ఫోల్డరులోని జార్లన్నీ అని ఒక నక్షత్రం గుర్తు పెట్టి చేతులు దులుపుకొన్నవాడికి, అవి ఏ వరుసలో వస్తాయో యాంట్ కూడా హామీ ఇవ్వదు.

2005లో మేవెన్ 2 వచ్చింది. అది మన చేతిలోని కలం లాక్కొంది. ఫోల్డర్ల పేర్లు అదే నిర్ణయించింది, క్లాస్‌పాత్ అదే కూర్చింది. అసలు ప్రోగ్రాముకు కావలసిన ఫైళ్ళు మెయిన్ కింద రిసోర్సెస్‌లో, పరీక్షలకు కావలసినవి టెస్ట్ కింద రిసోర్సెస్‌లో ఉండాలి. సర్‌ఫైర్ అనే దాని అనుచరుడు పరీక్షలు నడిపేటప్పుడు పేర్చే వరుస ఇది: మొదట పరీక్షల క్లాసులూ ఫైళ్ళూ, రెండవది అసలు క్లాసులూ ఫైళ్ళూ, ఆ తరువాత పామ్ ఫైలులో చెప్పిన లైబ్రరీలు. అంటే పరీక్షల వైపు ఏది పెట్టినా, అదే పేరుతో అసలు వైపున్న దానిని కప్పేస్తుంది. ఇది దోషం కాదు. తెలిసి, కావాలని పెట్టిన ఏర్పాటు. పరీక్ష సమయంలో అసలు అమరికల బదులు వేరే అమరికలు వాడుకొనే వెసులుబాటు. ఆ వెసులుబాటును నేనెలా వాడుకొన్నానో చెబుతాను.

2009లో హైదరాబాదులో ఒక కార్యాలయంలో పనిచేసేవాణ్ణి. ఒక కర్మాగారంలోని కాంట్రాక్టు కార్మికుల జీతాల లెక్క మా ప్రోగ్రాము కట్టేది. గేటు దగ్గర యంత్రంలో పడిన వేళలను బట్టి ఓవర్‌టైము ఎంతో తేల్చడం అందులో ఒక భాగం. ఆ భాగానికి ఒక అమరికల ఫైలు ఉండేది. దానిలో రెండు రకాల సంగతులు కలగాపులగంగా ఉండేవి. డేటాబేసు ఎక్కడుందన్నది ఒకటి. ఓవర్‌టైమును ఎన్ని నిమిషాల చొప్పున లెక్కించాలన్నది మరొకటి. అప్పటి ఒప్పందం ప్రకారం 60 నిమిషాలు. గంట నిండితేనే గంట, నిండని నిమిషాలు గాలికే. పరీక్షలు నడిపినప్పుడు అసలు డేటాబేసు జోలికి పోకూడదు కదా. అందుకని నేను ఆ ఫైలును యథాతథంగా నకలు తీసి, అదే పేరుతో పరీక్షల వైపు పెట్టి, డేటాబేసు చిరునామా ఒక్కటి మార్చాను. రెండు నిమిషాల పని. ఆ రోజు మధ్యాహ్నం టీ తాగేలోపు అయిపోయింది.

2011లో ఒప్పందం మారింది. ఏప్రిల్ నుంచి 15 నిమిషాల చొప్పున లెక్కించాలి. ఆ మార్పు మా జట్టులో ఏడాది సర్వీసు కూడా నిండని ఒక అమ్మాయికి అప్పగించాము. పద్ధతి గల పిల్ల. మాలో చాలామంది ఎగ్గొట్టే పని ఆమె చేసింది: ముందు పరీక్ష రాసింది. గంటా నలభై అయిదు నిమిషాలు ఎక్కువ పనిచేసినవాడికి గంటా నలభై అయిదు నిమిషాలూ రావాలి అని. నడిపితే ఎర్రగా వచ్చింది, పాత లెక్క ప్రకారం గంటే వచ్చింది గనుక. అప్పుడు ఎడిటరులో ఫైలు పేరు కొట్టి వెదికింది. ఒకే పేరుతో రెండు వచ్చాయి. మొదటిది తెరిచి 60 తీసి 15 పెట్టింది. మళ్ళీ నడిపింది. పచ్చబడింది.

తెరిచినది నేను పెట్టిన నకలు.

ఆ మార్పును సరిచూసి సంతకం పెట్టవలసినవాణ్ణి నేనే. మార్పుల జాబితాలో ఫైలు పూర్తి చిరునామా స్పష్టంగా ఉంది. నేను చివరి పేరు మాత్రం చదివాను. పరీక్ష ఉంది, పచ్చగా ఉంది, 60 పోయి 15 వచ్చింది. ఇంకేం కావాలి? సరే అనేశాను. ఏప్రిల్ జీతాలు పాత లెక్క ప్రకారమే పడ్డాయి. మే నెలవీ అంతే. జూన్ నెలవీ అంతే.

రోజూ గంటా ముప్పావు అదనంగా పనిచేసిన మనిషికి రోజుకు 45 నిమిషాలు ఎగిరిపోయాయి. నెలకు 26 పనిదినాలనుకొంటే 19 గంటల 30 నిమిషాలు. అప్పట్లో అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఓవర్‌టైముకు వేతనం రెట్టింపు. కనుక నెలకు 39 గంటల కూలి. దినకూలీ లెక్కన చూస్తే దాదాపు అయిదు రోజుల సంపాదన, ప్రతి నెలా.

జులైలో ఒక పెద్దాయన గోడ క్యాలెండరు కాగితాలు మూడు మడతపెట్టుకొని టైమ్ ఆఫీసుకు వచ్చాడట. ప్రతి తేదీ గడిలోనూ ఆ రోజు ఎన్నింటికి వచ్చాడో, ఎన్నింటికి పోయాడో పెన్సిలుతో రాసి ఉందట. "మీ కంప్యూటరు మొదటి తారీఖు నుంచి ఒక్క రోజూ కొత్త లెక్క కట్టలేదు బాబూ" అన్నాడట. ఈ మాట మాకు నాలుగు చేతులు మారి వచ్చింది గనుక ఆయన సరిగ్గా ఏ మాటలన్నాడో చెప్పలేను. క్యాలెండరు కాగితాల నకళ్ళు మాత్రం నా కళ్ళారా చూశాను. ఆయన దస్తూరి నా దస్తూరికంటే బాగుంది.

సమావేశం పెట్టారు. మార్పు చేసినదెవరని అడిగారు. ఆ అమ్మాయి పేరు వచ్చింది. ఆమె ల్యాప్‌టాప్ తిప్పి చూపించి, "పరీక్ష పచ్చగానే ఉంది కదా సార్, ఇప్పటికీ పచ్చగానే ఉంది" అంది. నా వైపు చూసే అంది. జాగ్రత్త చాలదన్నారు, కొత్తవాళ్ళకు ఇలాంటివి ఇవ్వకూడదన్నారు. ఒకాయన పరీక్షలు రాయడమే దండగన్నాడు. ఆ రెండో ఫైలు ఎక్కడినుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. నేను కూడా నోరు విప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం సామెత. నేను భుజాలు కూడా తడుముకోకుండా రాయిలా కూర్చొన్నాను.

మర్నాడు పొద్దున్నే ఉత్తరం రాశాను, నకలు పెట్టినది నేను, సంతకం పెట్టినది నేను అని. "సరే, గమనించాము" అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. బకాయిలు మరుసటి నెల జీతాలతో కలిపి ఇచ్చేశారు. ఆ ఏటి మదింపులో ఆ అమ్మాయికి పడిన గీత మాత్రం చెరగలేదు. సమావేశం ముందురోజు కాక ముందే జరిగింది, ఉత్తరం మర్నాడు వచ్చింది. ముందొచ్చినదే రాజ్యం.

ఇంత కథ చెప్పినది జాలి కోసం కాదు. ఈ మాట చెప్పినప్పుడల్లా అనుభవజ్ఞులు ఒకే సమాధానం ఇస్తారు: "అది బిల్డు వ్యవహారం, ప్రోగ్రాము రాసేవాడికెందుకు?" నాకు ఈ మాట మీదనే కోపం. క్లాస్‌పాత్ అన్నది ప్రోగ్రాముకు బయటి సంగతి కాదు. ఏ వాక్యం ఏ అర్థంలో నడుస్తుందో నిర్ణయించేది అదే. ఒక పద్యానికి పాఠాంతరాలు రెండుంటే ఏ ప్రతి ముందు పెట్టుకొని చదువుతున్నామో చెప్పకుండా వ్యాఖ్యానం రాసేవాణ్ణి మనం పండితుడంటామా? పరీక్ష పచ్చబడిందని చెప్పేటప్పుడు ఏ క్లాస్‌పాత్ మీద పచ్చబడిందో చెప్పకపోవడం కూడా అంతే.

ఫైళ్ళ సంగతి ఇలా ఉంటే లైబ్రరీల సంగతి మరొక తీరు. మేవెన్‌లో ప్రతి డిపెండెన్సీకీ ఒక పరిధి ఉంటుంది. "ప్రొవైడెడ్" అన్న పరిధికి అర్థం, దీనిని నడిపే చోట సర్వరు సమకూరుస్తుంది, మనం మోసుకుపోనక్కరలేదు అని. పరీక్షల క్లాస్‌పాత్‌లో మాత్రం అది ఉంటుంది. సర్వరు సమకూర్చని దానికి పొరపాటున ఈ పరిధి రాశామా, పరీక్షలన్నీ నెగ్గుతాయి, లోకంలోకి వెళ్ళిన మొదటి నిమిషంలో క్లాసు కనబడలేదని ప్రోగ్రాము కూలబడుతుంది. దీనికి అన్నలాంటిది ఇంకొకటి ఉంది. మనం వాడే ఒక లైబ్రరీ తన వెంట మరొక లైబ్రరీని తెచ్చుకొంటుంది. ఆ రెండోది మన పరీక్షల్లోనూ వాడుతున్నామని, దానిని నేరుగా పామ్‌లో పేర్కొని "టెస్ట్" పరిధి రాస్తాము. మేవెన్ లెక్కలో దగ్గరి చుట్టం మాటే చెల్లుతుంది. మనం నేరుగా రాసినది గనుక మన మాటే చెల్లి, ఆ లైబ్రరీ పరీక్షలకే పరిమితమైపోయి, చివరకు కట్టే మూటలోనుంచి మాయమవుతుంది. అవసరమున్న మొదటి లైబ్రరీ దిక్కులు చూస్తుంది. పరీక్షలు? నిక్షేపంగా పచ్చగా ఉంటాయి. వాటికి అందుతూనే ఉంది కదా.

హ్యామ్‌క్రెస్ట్ కథ తెలిసినవారు ఈ పాటికి నవ్వుకొంటూ ఉంటారు. తెలియనివారికోసం చెప్తాను, ఎందుకంటే నాకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఎక్కడా దొరకలేదు. "ఫలానాది ఇలా ఉండాలి" అని పరీక్షల్లో చదువుకొనేటట్లు రాయడానికి పనికివచ్చే లైబ్రరీ హ్యామ్‌క్రెస్ట్. జేయూనిట్ 4.4 నుంచి 4.10 దాకా దాని పాత క్లాసులను తన జార్‌లోనే కలిపి ఇచ్చేది. 2012లో వచ్చిన 4.11 ఆ అలవాటు మాని, హ్యామ్‌క్రెస్ట్ 1.3ను విడిగా తెచ్చుకోవడం మొదలుపెట్టింది. మాకిటో అనే మరొక లైబ్రరీ అన్నీ కలిపిన జార్ ఒకటి ఇచ్చేది. దాని కడుపులోనూ హ్యామ్‌క్రెస్ట్ 1.1 క్లాసులుండేవి. పామ్‌లో మాకిటో ముందు రాసి జేయూనిట్ వెనుక రాసినవాడికి పాత హ్యామ్‌క్రెస్ట్ ముందు దొరికేది. జేయూనిట్ ఏమో కొత్తదానిలో ఉండే ఒక పద్ధతిని పిలిచేది. పాతదానిలో అది లేదు. అలాంటి పద్ధతి లేదని యంత్రం ఫిర్యాదు చేసేది.

ఇందులో సొగసు ఎక్కడుందంటే, ఆ పద్ధతి పని "ఏది ఎలా తేడాగా వచ్చిందో వివరించడం". పరీక్ష నెగ్గినంతకాలం వివరించవలసిన పని లేదు, కాబట్టి దాన్ని పిలవరు. నెలల తరబడి అంతా సవ్యంగా ఉన్నట్లే ఉంటుంది. ఏనాడైతే పరీక్ష నిజంగా ఓడిపోతుందో, ఏనాడైతే అది నోరు తెరిచి మనకు నిజం చెప్పవలసి వస్తుందో, సరిగ్గా ఆనాడు మూగబోయి, సంబంధం లేని మరేదో గొణుగుతుంది. సాక్షి కోర్టు బోను ఎక్కేదాకా బాగానే మాట్లాడి, ఎక్కగానే గొంతు పోయినట్లు.

దీనికి అందరూ చెప్పుకొన్న చిట్కా, పామ్‌లో ఆ రెండు డిపెండెన్సీల వరుస మార్చడం. జేయూనిట్ పైకి, మాకిటో కిందికి. పనిచేసేది కూడా. నేనూ మార్చాను, మురిసిపోయాను. ఇప్పుడు మాత్రం ఆ చిట్కాను వ్యతిరేకిస్తాను. వరుస మార్చడమంటే రెండు ప్రతులూ ఇంట్లో ఉన్నాయని ఒప్పుకొని, ఒకదానిని దుప్పటి కింద దాచడం. ఆ వరుస ఎందుకలా ఉందో తెలియని మరొకరు రేపు అక్షరక్రమం బాగుంటుందని సర్దితే మళ్ళీ మొదటికే వస్తుంది. లోపల హ్యామ్‌క్రెస్ట్ కలపని మాకిటో కోర్ జార్ అప్పుడూ దొరికేది. దానికి మారడమే అసలైన మందు. అన్నీ కలిపిన ఆ జార్‌ను మాకిటో వారే రెండవ వెర్షనుతో మానేశారు.

గ్రేడిల్ వాడేవారు ఈ బాధలు తమకు లేవంటారు. 2012లో 1.0 వచ్చిన నాటినుంచి దాని స్వభావం వేరు. ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు ఎదురైతే దగ్గరి చుట్టాన్ని కాక, ఎక్కువ వెర్షనును ఎంచుకొంటుంది. అక్కడ వెనకొచ్చిన కొమ్ములే వాడి. సామెతకు న్యాయం జరిగిందని సంతోషించాను కూడా. కాని అసలు ప్రోగ్రాము క్లాస్‌పాత్‌నూ, పరీక్షల క్లాస్‌పాత్‌నూ అది వేరువేరుగా తేలుస్తుంది. పరీక్షల కోసం మాత్రమే చేర్చిన ఒక లైబ్రరీ, తన వెంట మనం వాడేదానికన్నా కొత్త వెర్షనును తెచ్చిందనుకోండి. పరీక్షలు కొత్తదాని మీద నడుస్తాయి. లోకంలో పాతది నడుస్తుంది. మనం పరీక్షించినదొకటి, పంపినది వేరొకటి. పరీక్షల క్లాసులూ ఫైళ్ళూ ముందు, అసలువి వెనుక అన్న వరుస మాత్రం అక్కడా అదే. 2021లో వచ్చిన గ్రేడిల్ 7 పాత టెస్ట్‌కంపైల్ అన్న పేరును తీసేసి టెస్ట్‌ఇంప్లిమెంటేషన్ అన్న పేరునే ఉంచింది. పేరు మారింది గాని ఈ చిక్కు మారలేదు.

జేయూనిట్ 5 వచ్చాక మరొక వింత పుట్టింది. 2017లో అది వచ్చినపుడు పరీక్షలు రాయడానికొక భాగం, వాటిని వెదకి నడపడానికొక ఇంజను అని విడదీశారు. పాత పద్ధతిలో రాసిన పరీక్షలు నడవాలంటే వింటేజ్ అనే ఇంజను విడిగా క్లాస్‌పాత్‌లో ఉండాలి. అది పెట్టడం మరిచిపోయినవారి పాత పరీక్షలు ఓడిపోవు. అసలు నడవవు. బిల్డు విజయవంతమని వస్తుంది. హాజరుపట్టీలో పేరే లేని విద్యార్థి తప్పడం ఎలా సాధ్యం? పచ్చరంగు చూసేముందు ఎన్ని పరీక్షలు నడిచాయో ఆ అంకె చూడమని కొత్తవారికి నేను చెప్పేది ఇందుకే.

నా వాదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాచను. పరీక్షల వైపు ఫైలుతో అసలు ఫైలును కప్పడం అన్నివేళలా తప్పు కాదు. లాగుల అమరిక ఫైలును నేనిప్పటికీ కప్పుతాను. పరీక్షలు నడిచేటప్పుడు సర్వరు ఫోల్డర్లలో లాగులు రాస్తానంటే ఎలా కుదురుతుంది? అలాగే రెండు క్లాస్‌పాత్‌లూ అక్షరాలా ఒకటిగా ఉండాలని కోరడం మూర్ఖత్వం. జేయూనిట్ జార్‌ను కార్మికుల జీతాల లెక్కలోకి పంపమని నేననను. నేననేదల్లా, కప్పినదేదో తెలిసి కప్పాలి, తెలిసేటట్లు కప్పాలి. డేటాబేసు చిరునామా వంటివి ఎక్కడ నడిస్తే అక్కడికి మారేవి. ఓవర్‌టైము లెక్క ఎక్కడ నడిచినా మారకూడనిది. ఈ రెండింటినీ ఒకే ఫైలులో పెట్టడమే నా మొదటి పాపం. నకలు తీయడం రెండోది. పరీక్ష వేళకు మారవలసిన ఒకటి రెండు విలువలను సర్‌ఫైర్‌లో గాని గ్రేడిల్‌లో గాని సిస్టమ్ ప్రాపర్టీలుగా బిల్డు ఫైలులోనే ఇవ్వవచ్చు. స్ప్రింగ్ బూట్ వాడేవారికి ఇంకా తేలిక. అప్లికేషన్ ప్రాపర్టీస్ అన్న అదే పేరుతో పరీక్షల వైపు ఫైలు పెడితే అసలుది పూర్తిగా మరుగున పడుతుంది, రెండూ కలవవు. దాని బదులు ప్రొఫైలు పేరు తగిలించిన ఫైలు పెడితే, అసలు ఫైలు మీద పలుచని పొరలా వచ్చి, తనలో ఉన్న విలువలనే మారుస్తుంది. మిగిలినవి అసలువే ఉంటాయి.

జావా వారికి ఈ రోగం తెలియదా అంటే, తెలుసు. 2017 సెప్టెంబరులో వచ్చిన జావా 9 మాడ్యూళ్ళలో ఒకే ప్యాకేజీ రెండు మాడ్యూళ్ళలో ఉంటే యంత్రం ఒప్పుకోదు, మొదట్లోనే నిలదీస్తుంది. పాత క్లాస్‌పాత్‌ను మాత్రం పాత మర్యాదలతోనే ఉంచేశారు. ఎన్నో ఏళ్ళ ప్రోగ్రాములు దాని మీద నడుస్తున్నాయి గనుక వేరే దారి లేదు. ఆ మౌనాన్ని భరించవలసింది మనమే.

కాబట్టి నేనిప్పుడు చేసే పని ఇది. ప్రతి ప్రాజెక్టులో ఒక చిన్న పరీక్ష రాస్తాను. టార్గెట్ ఫోల్డరులో పరీక్షల వైపు చేరిన ప్రతి ఫైలునూ తీసుకొని, అదే పేరు, అదే చోటు గలది అసలు వైపు ఉందా అని చూస్తుంది. ఉంటే బిల్డు ఆగిపోతుంది, రెండు చిరునామాలూ పూర్తిగా చూపిస్తుంది. పాతిక వరుసలకు మించదు. మేవెన్ డిపెండెన్సీల చెట్టును నెలకొకసారి అచ్చువేయించి, పరీక్షల పరిధిలో ఏమున్నాయో పెన్సిలుతో టిక్కులు పెట్టుకొంటాను. మా జట్టు కుర్రాళ్ళు నన్ను చూసి నవ్వుతారు, కాగితం మీద క్లాస్‌పాత్ ఏమిటి సార్ అని. ఎన్‌ఫోర్సర్ అనే మేవెన్ ఉపకరణం వెర్షన్లు కలవనప్పుడు బిల్డును ఆపగలదు. అదీ పెడతాను. అయితే అది చూసేది లైబ్రరీల వెర్షన్లను. మన సొంత ఫైలుకు మనమే తీసుకొన్న నకలును పట్టుకోవడం దాని పని కాదు.

ఆ చిన్న పరీక్షలో మినహాయింపుల జాబితా ఒకటుంది. తెలిసి కప్పిన ఫైళ్ళ పేర్లు, ప్రతి పేరు పక్కన ఎందుకు కప్పామో ఒక వాక్యం. చాలాకాలం అందులో లాగుల ఫైలు ఒక్కటే ఉండేది. పోయిన నెల మా జట్టులోని ఒకాయన రెండో పేరు చేర్చాడు. పక్కన కారణం రాయవలసిన చోట "తాత్కాలికం" అని రాశాడు. ఆ మాట కారణం కాదని నేను, పండగ సెలవులయ్యాక తీసేస్తానని ఆయన. ఇద్దరమూ ఇంకా వాదించుకొంటూనే ఉన్నాము.